మీటరు గది

పోయిన వారం రాజ్యశ్రీని మనం జగదల్‌పూర్ కరెంటాఫీసు మెట్ల మీద వదిలిపెట్టి వచ్చాం. మీటరు పనికి మనుషులు వస్తారని కౌంటర్లో చెప్పారు. ఆ మాట పట్టుకుని ఆమె తిన్నగా ఇనుప సామాన్ల కొట్టుకి వెళ్ళి, తలుపుకి లోపలివైపు బిగించే గడియ ఒకటి కొంది. గడియ కొనుక్కుని అంత సంబరపడే మనిషిని కొట్టువాడు అంతకుముందు చూసి ఉండడు.

ఆ సంబరం అర్థం కావాలంటే ఆ ఇల్లు తెలియాలి. స్టేషన్ వెనక వీధిలో పైడయ్య కట్టిన ఇల్లది. పైడయ్య విజయనగరం వైపు నుంచి కిరండూల్ రైల్వే లైను మీద గ్యాంగ్‌మన్‌గా వచ్చాడు. హిందీ నడిచే ఈ ఊళ్ళోనే స్థలం కొన్నాడు, ఇక్కడే కన్నుమూశాడు. పెద్దకొడుకు శ్యామ్‌ప్రసాద్ పెరట్లో పిండిమిల్లు నడుపుతాడు. చిన్నకొడుకు ఉమామహేష్ రైల్వేలో ట్రాక్‌మన్. దంతెవాడ దాటాక ఓ చిన్న స్టేషన్లో డ్యూటీ, సెలవు దొరికిన రోజే ఇంటి ముఖం చూస్తాడు. రాజ్యశ్రీ అతని భార్య. చిన్నకొడుక్కి పెళ్ళి కుదరగానే పైడయ్య ముందు వరండాకి గోడలు లేపి గది చేయించాడు. వరండా గోడకున్న కరెంటు మీటరు అలాగే గదిలో ఉండిపోయింది. కొత్త కోడలూ పాత మీటరూ ఒకే గదిలో కాపురం పెట్టారన్నమాట.

వాళ్ళలో తమ్ముడి భార్య గది గడప బావగారు తొక్కకూడదు. వసారాలో ఎదురుపడినా ఆయన గొంతు సవరించుకోవాలి, ఆమె పక్కకి తప్పుకోవాలి. ఈ మర్యాద గురించి అత్తగారు పోలమ్మ ఎన్ని పెళ్ళిళ్ళలో ఎంతమంది కోడళ్ళకి పాఠం చెప్పిందో లెక్కలేదు. మీటరుకి మాత్రం ఆ మర్యాద వర్తించదు. మంటలు లేస్తే పరిగెత్తుకెళ్ళి మెయిన్ ఆపాలి కాబట్టి ఆ గదికి లోపల గడియ ఉండకూడదని పైడయ్య రూలు పెట్టాడు. ఆయన పోయాడు గానీ రూలు పోలేదు. పొద్దున మిల్లు తెరిచే ముందు, సాయంత్రం కట్టేశాక శ్యామ్‌ప్రసాద్ తలుపు తోసుకుని వస్తాడు. బోర్డు దగ్గర ఏదో చూస్తాడు, ఏదో నొక్కుతాడు, వెళ్ళిపోతాడు. ఆమె చీర మార్చుకుంటున్నా అంతే, జ్వరంతో మూలుగుతున్నా అంతే. ఒక్క చెడ్డమాట అనలేదు, ఒక్క వెకిలిచూపు చూడలేదు. అందుకే ఎవరికి చెప్పుకున్నా "అయితే ఇబ్బందేమిటి?" అనేవారు.

ఆమె ఎలాగో సర్దుకుపోయేదే. కానీ కూతురు అమ్ముకి ఈమధ్యే పదకొండేళ్ళు నిండాయి. మొన్నొకరోజు స్కూలు డ్రెస్ మార్చుకుంటూ ఆ పిల్ల తలుపుకి వీపు ఆనించి, కాళ్ళు గట్టిగా తన్నిపెట్టి నిలబడడం తల్లి కంటపడింది. అలా నిలబడమని పిల్లకి ఎవరూ నేర్పలేదు. మీటరుని వీధివైపు గోడకి పంపించి తీరాలని రాజ్యశ్రీ ఆ రోజే నిశ్చయించుకుంది.

ఇక ఈ వారం కథలోకి వద్దాం.

పొద్దున అమ్ము స్కూలుకి వెళ్ళిన కాసేపటికి కరెంటువాళ్ళ బండి వచ్చి ఆగింది. లైన్‌మన్ పేరు సుక్కా. నుదుటి చెమట తుడుచుకుంటూ, చంకలో అట్టపెట్టె పెట్టుకుని లోపలికి వచ్చాడు. పెట్టెలో తళతళలాడే కొత్త మీటరు ఉంది. మీటరు బయటికి పంపడానికి కొత్తది కూడా ఇస్తారు కాబోలని రాజ్యశ్రీ మురిసిపోయింది. మంచం పక్కకి లాగింది, గోడకి తగిలించిన బట్టలు తీసి పక్కన పెట్టింది. సుక్కా స్టూలెక్కి కటింగ్ ప్లేయరుతో పాత మీటరు సీలు తెంపాడు.

"భయ్యా, బాహర్ వాలీ దీవార్ దిఖా దూఁ?" అని అడిగింది, వీధి గోడ చూపించమంటారా అని.

సుక్కా స్టూలు మీంచి వెనక్కి తిరిగి చూశాడు. "బాహర్ క్యోఁ? మీటర్ తో యహీఁ లగేగా. ఆప్‌నే బదల్‌నే కో బోలా థా న?" మీటరు ఇక్కడే పెడతాం, మార్చమన్నది మీరే కదా అని.

రాజ్యశ్రీకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మంచం పట్టె మీద కూర్చుంది.

మన తెలుగులో మార్చడం అంటే రెండూను. బల్బు మారుస్తాం, ఇల్లూ మారుస్తాం. మంచం ఈ మూల నుంచి ఆ మూలకి జరిపినా మార్చినట్టే, పాతది అమ్మేసి కొత్తది కొన్నా మార్చినట్టే. కనెక్షన్ పోలమ్మ పేరున ఉంది కాబట్టి ఆవిడ సంతకం లేనిదే ఆఫీసులో కదలదు. "వీధిలో అందరూ మీటర్లు మారుస్తున్నారు, మనమూ మార్పిద్దాం అత్తా" అని రాజ్యశ్రీ అడిగింది. పోలమ్మ కొత్త మీటరనుకుని వేలిముద్ర వేసింది. అత్తగారు అలా అనుకుంటుందని తెలిసే ఆ మాట వాడింది మన కథానాయిక. అంత తెలివీ అత్తగారి దగ్గరే అయిపోయింది. కౌంటర్ ముందు నిలబడగానే గుండె దడదడలాడి, బుర్రలో ఉన్న మార్చడాన్ని ఉన్నపళంగా హిందీలోకి దించి "మీటర్ బదల్‌నా హై" అనేసింది. హిందీలో బదల్‌నా అంటే బదల్‌నాయే. పాతది తీసి కొత్తది పెట్టడం. "తేజ్ చల్ రహా హై క్యా?" అని, మీటరు వేగంగా తిరుగుతోందా అని గుమస్తా అడిగితే, బేరం చెడుతుందేమోనని "హాఁ హాఁ" అని తలూపింది. ఖర్చు ఇంత తక్కువా అని ఆశ్చర్యపోయింది కూడా. తక్కువ ఎందుకయిందో ఇప్పుడు తెలిసింది.

"భయ్యా, నాకు కావాల్సింది షిఫ్ట్ చెయ్యడం" అని హిందీలో ప్రాధేయపడింది. "ఇక్కడి నుంచి తీసి వీధి గోడకి పెట్టాలి. ఇప్పుడు పెట్టెయ్యండి, ఎంతవుతుందో ఇచ్చేస్తాను."

సుక్కా మంచివాడు. విసుక్కోకుండా చెప్పాడు. షిఫ్టింగ్‌కి వేరే దరఖాస్తు ఉంటుంది. కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్ళే అడగాలి. పాత బిల్లు బాకీ ఉండకూడదు. జూనియర్ ఇంజనీరు జె.ఈ. సాబ్ వచ్చి చోటు చూస్తాడు, రీడింగ్ తీసేవాడికి నిలబడితే కంటికి కనిపించే ఎత్తులో, వాన పడని చోట ఉండాలి. తర్వాత ఖర్చు అంచనా వేస్తారు. స్తంభం నుంచి కొత్త చోటికి కేబులు ఇంటివాళ్ళదే ఖర్చు. ఇవేవీ లేకుండా సీలు మీద చెయ్యి వేస్తే తన ఉద్యోగం పోతుంది.

"అయితే ఆపెయ్యండి. పాతదే ఉంచండి. మళ్ళీ వెళ్ళి అడుగుతాను."

"సీల్ కట్ గయా దీదీ," అన్నాడు సుక్కా జాలిగా. తెగిన సీలుని వెనక్కి అతికించే దారి లేదు. అతను ఆఖరి స్క్రూ తిప్పి, మీటరుని చెక్క మీంచి ఊడదీశాడు.

తర్వాత అతను జేబులోంచి టార్చి తీసి చెక్క వెనక్కి వేసి చూశాడు. స్తంభం నుంచి వచ్చిన తీగ మీటరులోకి వెళ్ళకముందే దానికి ఇంకో నల్ల తీగ చుట్టి టేపు వేసి ఉంది. ఆ నల్ల తీగ బోర్డు మీది ఓ పాత స్విచ్చి గుండా వెళ్ళి, గోడ కన్నంలోంచి పెరటివైపు పోయింది. పెరట్లో పిండిమిల్లు మండియా, అదే రాగి పిండి, ఆడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. సుక్కా ఆ స్విచ్చి నొక్కాడు. మిల్లు మూలిగి ఆగిపోయింది.

బావగారు ఇన్నేళ్ళూ ఏం నొక్కి వెళ్ళేవాడో రాజ్యశ్రీకి ఆ క్షణంలో తెలిసింది. ఆమెకి మొదట వచ్చింది కోపం కాదు, సిగ్గు కలిసిన నవ్వు. ఆయన అడుగుల చప్పుడికి తను ఎన్నిసార్లు ముడుచుకుపోయింది! దేవుడి ముందు ఎన్నిసార్లు ఏడ్చింది! ఆయన కళ్ళకి తను ఎప్పుడూ కనిపించనే లేదు. ఒక దొంగ తీగకి కాపలాగా గదిలో పెట్టిన మంచం లాంటిది తను. నవ్వు పోయాక కోపం వచ్చింది. అది మాత్రం పోలేదు.

సుక్కా ఫోన్ చేస్తే జె.ఈ. సాబ్ ఊళ్ళోనే ఉన్నాడట, మోటారు సైకిల్ మీద వచ్చేశాడు. నల్లగా, సన్నగా, నలభై లోపు మనిషి. ఇంటిపేరు కుంజాం, గోండుల పేరు. వచ్చీ రాగానే ఫోటోలు తీసుకుని, గోడవారన ఉన్న కుట్టుమిషను బల్ల మీద కాగితాలు పరిచాడు. ఈలోగా పోలమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మిల్లెందుకు ఆగిందో చూద్దామని శ్యామ్‌ప్రసాద్ వచ్చాడు. జుట్టు నిండా, కనుబొమల నిండా పిండి. ఊడిన మీటరునీ జె.ఈ.నీ చూడగానే పిండి కింద ముఖం ఇంకా తెల్లబడింది.

ఆ ఇంట్లో ఒక పాత అలవాటు ఉంది. బజారులో బేరం దగ్గర, స్కూల్లో టీచర్ ముందు, ఆస్పత్రిలో డాక్టర్ ఎదుట రహస్యం మాట్లాడుకోవాలంటే గుసగుసలు అక్కర్లేదు. గొంతు కూడా తగ్గించక్కర్లేదు. తెలుగులోకి మారిపోతే చాలు, చుట్టూ గోడ కట్టుకున్నట్టే. శ్యామ్‌ప్రసాద్ జె.ఈ.కి నవ్వుతూ నమస్కారం పెట్టి, అదే ముఖంతో తల్లివైపు తిరిగాడు.

"అమ్మా, గది ఎవరిదని అడుగుతాడు. రాజ్యానిదని సెప్పీ. తాళం కూడా దాని కాడే ఉంటాదని సెప్పీ."

"దాని మీద కేసు రాసీరేటి?" అంది పోలమ్మ బెదురుగా.

"ఆడకూతురు కదా, జరిమానాతో పోతాది. నా పేరు రాసినారంటే మిల్లు సీలు ఏసీస్తారు. అందరం అడుక్కు తినాలి. ఈ గోండోడికి ఏటి తెలుస్తాది, తొందరగా సెప్పు."

జె.ఈ. తల ఎత్తలేదు. రాస్తున్న పెన్ను కొంచెం ఆగి మళ్ళీ కదిలింది. ఆ తర్వాత హిందీలో అడిగాడు, ఈ గది ఎవరి స్వాధీనంలో ఉంది అని.

పోలమ్మ కోడలి ముఖం చూడకుండా జవాబిచ్చింది. "బహూ కా హై సాబ్. ఉసీ కా కమరా. చాబీ భీ ఉసీ కే పాస్." గది కోడలిదేనట, తాళం కూడా ఆమె దగ్గరే ఉంటుందట.

విన్నారా? పెళ్ళయినప్పటి నుంచి ఆ గది మీటరు గది. చుట్టాలొస్తే సామాన్ల గది, పండక్కి బియ్యం బస్తాల గది, బావగారికి బాట. రాజ్యశ్రీ ఒక్కసారి "నా గది" అని నోరు జారితే "నీ గదేటే, ఆయన కట్టించింది" అని అదే పోలమ్మ సరిచేసేది. ఇవాళ మొదటిసారి ఆ గది ఆమెదయింది.

జె.ఈ. ఆమెవైపు చూసి నిదానంగా చెప్పాడు. ఇది కరెంటు దొంగతనం కేసు. గది మీదేనంటే పంచనామా మీ పేరున రాయాల్సి వస్తుంది. కాదంటే కాదని రాస్తాను, అప్పుడు ఈ గదితో మీకు సంబంధం లేదని మీరే సంతకం పెట్టినట్టు. ఆలోచించుకుని చెప్పండి.

ఆలోచించడానికి ఏముంది? అవునంటే దొంగ. కాదంటే ఇకముందు ఏ ఆఫీసుకి వెళ్ళి ఏ మీటరు జరపమని అడుగుతుంది, తలుపుకి గడియ పెడతానని ఏ నోటితో అంటుంది? నీకు సంబంధం లేదని నువ్వే రాసిచ్చావు కదా అని శ్యామ్‌ప్రసాద్ తలుపు బార్లా తీసుకుని వస్తాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, రెండిటి మధ్యా నిలబడడానికి పాదం పట్టేంత చోటైనా ఉంటుందేమో. ఆమెకి అదీ లేదు. గూడ్సు ఏదో ఖనిజం మోసుకుంటూ వెళ్తోంది, గోడలు సన్నగా అదురుతున్నాయి.

"మేరే పతి సే పూఛ్‌నా హై," అంది. భర్తని అడగాలి.

"పూఛియే. స్పీకర్ పర్," అన్నాడు జె.ఈ. అడగండి, కానీ స్పీకర్ పెట్టి.

భర్త అంటే ఆమెకి ఇష్టమే. మెతక మనిషి, గట్టిగా అరవడు, జీతం తెచ్చి చేతికిస్తాడు. మీటరు బయటికి పెట్టిద్దామంటే మాత్రం ఏదో ఒక వంక. "అన్నయ్య ఏమనుకుంటాడో." "వానలెల్లనీ." "అమ్మ ఒప్పుకోదులే." అతని మెతకతనమే ఇదంతానని ఇన్నాళ్ళూ క్షమిస్తూ వచ్చింది. ఇప్పుడైనా అన్న మీద కేకలేస్తాడని, నా భార్య పేరు రాయడానికి వీల్లేదంటాడని ఆశపడింది. నంబరు నొక్కి స్పీకర్ పెట్టింది.

"ఏటి రాజీ, ఈ టయింలో?" అన్నాడు ఉమామహేష్. వెనకాల పట్టాల మీద సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి.

"ఏమండీ, కరెంటువాళ్ళు వచ్చారు. మీటరు విప్పేశారు."

అంతే అంది. తీగ మాట ఎత్తలేదు. అటునుంచి అతని గొంతు సన్నగా వచ్చింది.

"ఎనక తీగ సూసీసారేటి?"

పోలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శ్యామ్‌ప్రసాద్ నేల చూపులు చూశాడు.

"రాజీ, ఇను. అన్నయ్య ఉన్నాడా ఆడ? నాకేటీ తెలీదని సెప్పు. రైల్వేకి కాయితం ఎల్లిందంటే ఉజ్జోగం ఊడిపోద్ది. నువ్వు ఎలగోలా సర్దీ. నీకే ఫర్వాలేదు, నువ్వు ఇంటికాడే ఉంటావు కదా."

నీకే ఫర్వాలేదు! అతనికి తెలుసు. మొదటి నుంచీ తెలుసు. మీటరు గోడ మీంచి కదిలితే తీగ బయటపడుతుందని తెలిసే వానలెల్లనీ అన్నాడు. పెళ్ళానికి గడియ కావాలా, అన్నకి తీగ కావాలా అన్నప్పుడు ఎప్పుడో ఎంచేసుకుని, ఆ సంగతి ఆమెకి చెప్పకుండా పక్కన పడుకున్నాడు. అమ్ము తలుపుకి వీపు ఆనించి నిలబడుతోందని చెప్పినప్పుడు కూడా, చెంబెడు నీళ్ళు తాగి అటు తిరిగి పడుకున్నాడు. ఆమె ఏడవలేదు. ఏడిస్తే జె.ఈ.కి అనుమానం వస్తుందనే ఆలోచన కూడా అప్పుడే వచ్చింది. అంతగా మరిగిపోయింది ఆ ఇంటి పరువు కాయడానికి.

"క్యా బోలే?" అని అడిగాడు జె.ఈ., ఏమన్నాడని.

గదిలో అందరి కళ్ళూ ఆమె నోటి మీద ఉన్నాయి. ఉన్నదున్నట్టు హిందీలో చెప్పేస్తే భర్త ఉద్యోగం పోతుంది, అమ్ము చదువు పోతుంది. రాజ్యశ్రీ జె.ఈ. వైపు తిరిగింది.

"పూఛ్ రహే హైఁ, కామ్ ఖతమ్ హో గయా క్యా."

పని అయిపోయిందా అని అడుగుతున్నాడట. శ్యామ్‌ప్రసాద్ ఊపిరి వదిలాడు. పోలమ్మ కళ్ళు తుడుచుకుని, మొదటిసారి కోడలివైపు ప్రేమగా చూసింది. ఆ ప్రేమ చూస్తే రాజ్యశ్రీకి ఒళ్ళు మండింది.

జె.ఈ. పెన్ను మూత పెట్టి కాగితాల మీద పడుకోబెట్టాడు. సుక్కాని బయట ఉండమని సైగ చేశాడు. తర్వాత శుభ్రమైన తెలుగులో, భద్రాచలం వైపు యాసలో అన్నాడు.

"మాది పామేడమ్మా. మా అమ్మ తెలుగే మాట్లాడుతది, నేను సదువుకున్నది చర్లల. వచ్చినకాడి నుంచి మీరు మాట్లాడింది మొత్తం ఇన్న. ఆడకూతురు జరిమానాతోటి పోతదన్న మాట ఇన్న. ఈ గోండోడికి ఏం తెలుస్తదన్నదీ ఇన్న." శ్యామ్‌ప్రసాద్‌ని ఒక్క చూపు చూసి మళ్ళీ ఆమెవైపు తిరిగాడు. "నీ భర్త తీగ సంగతి అడిగిండు. నువ్వు పని సంగతని నాకు అబద్ధం జెప్పినవ్. ఏందమ్మా ఇది? ఆయన్ని కాపాడుతున్నవ్, నిన్నెవరు కాపాడుతరు?"

"సాబ్, మా కోడలు సిన్నపిల్ల..." అని పోలమ్మ అందుకోబోయింది.

"మీరుండండి పెద్దమ్మా, మీ మాట రాసుకున్న. ఇగ ఆమె మాట రాయాలె." అతను స్టూలు లాక్కుని రాజ్యశ్రీకి ఎదురుగా కూర్చున్నాడు. "అబద్ధం సంగతి నేను ఇడిసిపెడ్త. ఇప్పుడు మళ్ళ అడుగుతున్న. తెలుగులనే చెప్పు. ఈ గది ఎవరిది?"

ఆమె చేతిలో ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది.

"రాజీ?" ఫోన్లోంచి ఉమామహేష్ పిలిచాడు. "ఎవరే ఆ తెలుగు మాటాడేది? రాజీ, నీకు దండం ఎడతాను, గది నీది కాదని సెప్పీ. అసలు కాయితాల్లోకే రాకు. నీది కాదని సెప్పీసి బయటికి ఎల్లిపో."

రాజ్యశ్రీ ఫోన్ కట్టెయ్యలేదు. అతను కూడా వినాలనుకుంది. దాన్ని బల్ల మీద, జె.ఈ. కాగితాల పక్కన పెట్టింది. లేచి నిలబడింది. పెళ్ళయినప్పటి నుంచి ఎదురుపడితే తల వంచుకున్న మనిషి ముఖంలోకి మొదటిసారి సూటిగా చూసింది. పిండి పట్టిన ఆ కనుబొమల కింద కళ్ళు ఇంత చిన్నవని ఆమెకి ఇన్నాళ్ళూ తెలియనే తెలియదు.

"చెప్తాను సాబ్," అంది. "ముందు బావగారిని నా గదిలోంచి బయటికి వెళ్ళమనండి."

జె.ఈ. పెన్ను మూత తీసి రాయడం మొదలుపెట్టాడు.